ఖాళీ కుర్చీ ముందు నుంచి లేచి వచ్చేశాను

కర్నూలు పాతబస్తీలో బట్టల దుకాణం నడిపే ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం చేత్తో రాసి, ఫొటోలు తీసి పంపారు. ఆనవాలు దొరికే వివరాలు కొన్ని మార్చి, సంగతి క్లుప్తంగా చెప్తాను.

ఆయనకి 37 ఏళ్ళు. పెళ్ళయింది, ఒక పాప. 2009లో అనంతపురంలో ఎంసీఏ మొదటి సంవత్సరం చదువుతుండగా, అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. దుకాణం మునిగిపోయింది. వరద తీశాక బురద పట్టిన తానుల్ని మిద్దె మీద ఆరేస్తూ వాళ్ళ నాయన ‘ఇంక నువ్వు ఈడనే ఉండాలప్పా’ అన్నారు. ఈయన ‘సరే నాయనా’ అన్నారు. చదువు అక్కడితో ఆగింది. తమ్ముడు మాత్రం చదువుకుని బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ కింద నాయన గల్లాపెట్టె ముందు కూర్చునే గుండెపోటుతో పోయారు. ఇప్పుడు తమ్ముడు, దుకాణం అమ్మి పంచుకుందామంటున్నాడు.

ఏడాదిగా, సాయంత్రం లెక్కలు చూసే వేళకి ఈయనకి ఛాతీ పట్టేస్తోంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, చెమటలు పోస్తాయి. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష అన్నీ బాగానే ఉన్నాయి. గ్యాస్ మాత్రలు ఆరు నెలలు మింగారు. చివరికి ఒక సైకియాట్రిస్ట్ ఇవి ప్యానిక్ అటాక్‌లని చెప్పి, మందు రాసి, మాట్లాడుకోవడానికి ఒకావిడ దగ్గరికి పంపారు. ఆవిడ బోర్డు మీద ‘ఇంటిగ్రేటివ్ సైకోథెరపిస్ట్’ అని ఉంది. ఇక్కడి నుంచి ఆయన మాటల్లోనే:

‘మొదటి వారం ఊపిరి ఎట్లా తీసుకోవాలో నేర్పించినారు. రెండో వారం నోట్‌బుక్‌లో గళ్ళు గీసి ఆలోచనలు రాయమన్నారు. మూడో వారం అంతా మా నాయన గురించే అడిగినారు. నాలుగో వారం పేపర్ మీద ఒకదాని కింద ఒకటి మూడు సున్నాలు గీసి ఏదో చెప్పినారు, సరే మేడమ్ అన్నాను. ఐదో వారం నా ముందు ఖాళీ కుర్చీ వేసి, అందులో మీ నాయన ఉన్నారనుకుని మాట్లాడండి అన్నారు. నాకు గొంతు పూడుకుపోయింది. ఫోన్ వచ్చిందని చెప్పి లేచి వచ్చేశాను. తర్వాతి వారం షాపులో పని ఉందన్నాను. ఆ పై వారం ఫోనే ఎత్తలేదు. మేడమ్ మంచి మనిషే. కానీ వారానికో రకం చేస్తుంటే, ఈమెకి పని వచ్చా అని అనుమానం. పోయినప్పుడల్లా వెయ్యి రూపాయలు. నా భార్య ‘ఆ మాటలేవో నాతో మాట్లాడితే సరిపోదా’ అంటుంది, ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఎవరైనా చూస్తారని బైకు రెండు వీధుల అవతల పెట్టి పోయేవాణ్ణి. అక్కడ చెప్పినవి తమ్ముడి దాకా పోతాయేమోనని కూడా భయం. మానేయాలా, వేరే వాళ్ళని చూసుకోవాలా? మందు కూడా ఆపేద్దామా అని ఉంది.’

మీకు నా జవాబు.

ముందు మీ కాగితం గురించి. నిలువు గీతలు కొట్టి, పైన ‘టైము’, ‘ఏం జరిగింది’, ‘ఏం అనిపించింది’ అని రాసి ఉన్న పేజీల మీద ఉత్తరం రాశారు. మేడమ్ రాయమన్న నోట్‌బుక్కే అది అనుకుంటాను. గళ్ళు నింపకుండా, వాటి మీదుగా అడ్డంగా నాకు రాశారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ప్యానిక్‌కి సాధారణంగా రాసే మందులు పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది. ఉన్నట్టుండి మానితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి వస్తాయి, మీరేమో అవి గుండె జబ్బే అనుకుంటారు. ఆపాలని ఉంటే రాసిన డాక్టర్‌కే చెప్పండి, మెల్లగా తగ్గిస్తారు. మాటలతో వైద్యం చేసే మేడమ్‌కి మందుల మీద అధికారం లేదు. ఆమె దగ్గరికి పోవడం మానినా, మందు సంగతి వేరే లెక్క.

ఇప్పుడు వారానికో రకం గురించి. మీ దుకాణానికి ఒకాయన పెళ్ళి బట్టలకని వస్తాడు. కొత్త కుర్రాడైతే తానులన్నీ దించి బల్ల మీద పరిచేస్తాడు. మీరైతే ఎవరి పెళ్ళి, ఎంతమందికి పెట్టాలి, ఎంతలో అని అడిగి, నాలుగు తీసి చూపిస్తారు. ఆ నాలుగూ నాలుగు రకాలే అయినా మీ మనసులో ఒక లెక్క ఉంటుంది. ఇంటిగ్రేటివ్ అన్న మాటకి అర్థం ఆ లెక్క ఉండటమే. లెక్క లేకుండా దించితే అది కలగూరగంప. బయట నుంచి చూసేవాడికి రెండూ ఒకలాగే ఉంటాయి, అందుకే మీ అనుమానం తప్పు కాదు.

మీరు రాసిన ఐదు వారాల్నీ పక్కపక్కన పెట్టి చూశాను. మీరు గల్లా దగ్గర కూర్చుంటారు. గుండె వేగం కొంచెం పెరుగుతుంది. మెట్లెక్కినా పెరిగేదే, టీ ఎక్కువైనా పెరిగేదే. కానీ మీరు కూర్చున్నది నాయన పడిపోయిన చోటు. ‘వచ్చేసింది’ అనుకుంటారు. భయానికి ఊపిరి పైపైన, గబగబా ఆడుతుంది. అలా ఆడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ బిగుస్తుంది. ఆ బిగువు చూసి భయం రెట్టింపవుతుంది. ఈ చక్రం తిరుగుతుండగా మీతో ఏం మాట్లాడినా తలకెక్కదు. ముందు ఊపిరి నేర్పడం అందుకే.

నోట్‌బుక్ గళ్ళు ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ దారి. ఆయన మొదట ఫ్రాయిడ్ పద్ధతిలో తయారైన మనిషి. రోగులు పైకి చెప్పే మాటల వెనక, వాళ్ళు కూడా గమనించనంత గబుక్కున వచ్చిపోయే ఆలోచనలు ఉంటాయని పసిగట్టి, 1960ల్లో వాటి మీదే ఒక వైద్యాన్ని కట్టాడు. మీరు ఒకే ఒక్క గడి నింపారు. పేజీ అంచున కనబడుతోంది: ‘సా. 7.10. గల్లా మూసేటప్పుడు. నేనూ ఇట్లే పోతా.’ ఐదు వారాల్లో బయటపడిన అతి ముఖ్యమైన మాట బహుశా అదే. ఆమెకి చూపించారా? చూపించినట్టు ఉత్తరంలో లేదు.

నాయన గురించి అడగడం ఫ్రాయిడ్ కాలం నుంచీ ఉన్నదే, చిన్నప్పటి సంబంధాల నీడ ఇప్పటి వాటి మీద పడుతుందని. మూడు సున్నాలు ఎరిక్ బెర్న్ అనే ఇంకో సైకియాట్రిస్ట్‌వి. పైది మనలో ఉండిపోయిన పెద్దవాళ్ళు, మధ్యది ఇప్పటి పరిస్థితిని చూసి ఆలోచించే మనిషి, కిందిది మనలోని పిల్లవాడు. నాయన పోయి రెండేళ్ళైనా మీ లోపలి పైసున్నాలో ఆయన కూర్చునే ఉన్నారు, కిందిసున్నా ‘సరే నాయనా’ అంటూనే ఉంది, దుకాణం గురించి ఆలోచించాల్సిన మధ్యసున్నాకి మాట్లాడే వంతు రావట్లేదు. మేడమ్ చెప్పబోయింది ఇదేనని నా ఊహ.

ఇక ఖాళీ కుర్చీ. మొదట జాకబ్ మొరెనో నాటక పద్ధతి వైద్యంలో ఉంది, తర్వాత ఫ్రిట్జ్ పెర్ల్స్ గెస్టాల్ట్ థెరపీ అనే ఇంకో పద్ధతిలో దాన్ని బాగా వాడుకలోకి తెచ్చాడు. చెప్పకుండా మిగిలిపోయిన మాటలకి ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు చేస్తే, గొంతులో ఉన్నది కదులుతుంది. బలమైన పద్ధతే. నేను థెరపిస్ట్‌గా ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు నా వంతు వస్తే, మంచినీళ్ళు తాగొస్తానని లేచిపోయాను. మీకు ఫోన్ వచ్చినట్టే.

కాబట్టి ఆమె చేతిలో ఒక లెక్క ఉన్నట్టే కనిపిస్తోంది: ఒంటి నుంచి ఆలోచనకి, అక్కడి నుంచి నాయనకి. కానీ ఆ లెక్క మీకు చెప్పలేదు. అక్కడ ఆమెని తప్పు పడతాను. ఇంకొకటి కూడా. ఐదో వారానికే, ఏం చేయబోతున్నామో ఎందుకో వివరించకుండా, నాయనని కళ్ళముందే పోగొట్టుకున్న మనిషి ముందు కుర్చీ వేయడం తొందరపాటు అనిపిస్తోంది. ‘వద్దనిపిస్తే ఆపేద్దాం’ అన్న మాట ముందే అనుండాల్సింది. అని ఉండొచ్చు కూడా, నాకు చేరింది మీ వైపు కథ మాత్రమే.

ఈ రంగంలో పాత సంగతి ఒకటి చెప్పాలి. 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికా సైకాలజిస్ట్, ఒకదానితో ఒకటి పొసగని వైద్యాలు కూడా రోగికి మేలు చేస్తున్నాయంటే, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేదో పని చేస్తుండాలి అన్నాడు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే ఇంకో సైకాలజిస్ట్, ఏ వైద్యంలోనైనా ఉండే రోగి-వైద్యుల పొత్తుని మూడుగా విడదీశాడు. ఇద్దరూ దేని కోసం కూర్చున్నారో ఒప్పుకోవాలి, దానికి ఏం పని చేయాలో ఒప్పుకోవాలి, ఇద్దరి మధ్య నమ్మకం ఉండాలి. మీ విషయంలో మూడోది ఉంది, ‘మేడమ్ మంచి మనిషే’ అని మీరే రాశారు. మొదటి రెండూ లేవు. మీరు పోయింది ఛాతీ పట్టేయడం ఆగాలని. ఆమె పట్టుకున్నది నాయన మీద దుఃఖాన్ని. రెండూ ఒకటే కావచ్చు, కానీ ఒకటేనని మీరిద్దరూ ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఎందుకు అనుకోలేదంటే, మీరు అడగలేదు. మీ ఉత్తరంలో ‘సరే అన్నాను’ అన్న మాట ఏడు చోట్ల ఉంది. లెక్కపెట్టాను. చదువు మానమన్నప్పుడు నాయనకి సరే. గ్యాస్ మాత్రలిచ్చిన డాక్టర్‌కి ఆరు నెలల పాటు సరే. తాయెత్తుకి సరే. కాగితాలు తీసి పెట్టమన్నప్పుడు తమ్ముడికి సరే. అర్థం కాని మూడు సున్నాలకి సరే మేడమ్. సరే అనలేనంత బరువైనప్పుడు మాత్రం ఫోన్ వచ్చిందని లేచిపోయారు. కాదనడం అంటే మీకు గది దాటి పోవడమే. ఇంట్లో జరిగేది ఆ గదిలో కూడా జరిగింది. మా వృత్తిలో దీన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. పేరు మర్చిపోయినా ఫరవాలేదు, ఆమె మీకు పనికొచ్చేది మాత్రం ఇక్కడే. ఆమెకి ‘నాకిది వద్దు, ఎందుకు చేయిస్తున్నారు?’ అని చెప్తే ఆస్తి చెదరదు, సంక్రాంతికి మాటలు ఆగిపోవు. తమ్ముడితో అనలేని మాటని మొదట అని చూడటానికి అంతకంటే తక్కువ ఖర్చయ్యే చోటు నాకు తోచట్లేదు.

మీ ముందున్న దారులు చూద్దాం.

మళ్ళీ ఆమె దగ్గరికే పోవచ్చు. పోతే కారణం దాచకండి. ‘ఆ రోజు ఫోన్ రాలేదు మేడమ్, భయపడి వచ్చేశాను’ అనండి. ఆమె ఎలా తీసుకుంటుందో చూడండి. మంచి థెరపిస్ట్ అయితే నొచ్చుకోరు, సమర్థించుకోరు, ఆ మాట మీదే కూర్చుంటారు. ఇలా బెడిసి సర్దుకున్న చోటే చాలాసార్లు పని ముందుకు సాగుతుంది. తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. నా సమస్య గురించి మీరేం అనుకుంటున్నారు, ఇంకా సుమారు ఎన్ని వారాలు, బాగవుతున్నానని మనకెట్లా తెలుస్తుంది, కుర్చీ లేకుండా కుదురుతుందా. చాలాసార్లు కుదురుతుంది. నాయనకి ఉత్తరం రాయించవచ్చు, మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఈ దారిలో కష్టం కూడా ఉంది. నాయన గురించి మాట్లాడటం మొదలైతే కొన్ని వారాలు మనసు ఇప్పటికంటే బరువుగా ఉంటుంది, ఇంట్లో చిరాకు పడతారు. భార్యకి ముందే చెప్పి ఉంచండి. ఆ నాలుగింటికీ ఆమె పొడిపొడిగా జవాబిచ్చి ఆరో రకం మొదలుపెడితే, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఈసారి చెప్పి రండి.

లేదా, ఒక్క పద్ధతే చేసే వాళ్ళని వెతుక్కోవచ్చు. ప్యానిక్‌కి బెక్ దారి, అంటే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ), బాగా పరీక్షకి నిలిచిన వైద్యం. మామూలుగా పది పదిహేను సెషన్లలో తేలుతుంది. ఇందులో నాయన కథ పెద్దగా రాదు. గుండె వేగాన్ని కావాలనే పెంచి, ఏమీ కాదని ఒంటికి నేర్పిస్తారు. గల్లా దగ్గర భయం పోవచ్చు, తమ్ముడి ఫోన్ వస్తే నోరు పెగలకపోవడం మాత్రం అలాగే ఉండిపోవచ్చు. ఛాతీ ఒక్కటి నిమ్మళిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా అనుకుంటే అది కూడా మంచి నిర్ణయమే. అందరూ లోపలికంటా తవ్వుకోనక్కర్లేదు.

మందుతో సరిపెట్టుకోవడం మూడోది. కొంతమందికి అదే చాలు. మందు ఆపాక మళ్ళీ వస్తే అప్పుడు చూసుకోవాలి, అంతే.

ఎవరి దగ్గరికి పోయినా చదువేమిటో అడగండి, అందులో మొహమాటం వద్దు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ నంబర్ అడిగితే చెప్తారు. ‘కౌన్సెలర్’, ‘సైకోథెరపిస్ట్’ అన్న బోర్డులు రెండు నెలల కోర్సు చేసినవాళ్ళు కూడా పెట్టేస్తున్నారు. ఇంటిగ్రేటివ్ అంటే ఒక పద్ధతిలో గట్టిగా నిలదొక్కుకుని మిగతావి కలుపుకోవాలి, ఏదీ పూర్తిగా రాకుండా అన్నీ ముట్టుకోవడం దాని కిందికి రాదు. ‘మీరు మొదట నేర్చుకున్న పద్ధతి ఏది?’ అని అడిగితే తేడా తెలిసిపోతుంది. వెయ్యి రూపాయలు బరువైతే, మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న మీ ఊరి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. రాత్రిపూట భయం ముంచుకొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తమ్ముడి భయం గురించి. మానసిక వైద్యంలో గోప్యత మీ హక్కు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసి ఉంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు లాంటి కొన్ని సందర్భాలు తప్ప, మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. తమ్ముడైనా, భార్యైనా అంతే. బైకు విషయంలో నేను చేయగలిగింది లేదు. ఊరు చిన్నది. ఫోన్‌లోనో వీడియోలోనో చేసే వాళ్ళూ ఉన్నారు, దుకాణం మూశాక గోదాములో కూర్చుని మాట్లాడొచ్చు.

మీ భార్య అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆమెతో తప్పకుండా మాట్లాడండి. కానీ దుకాణం ఉంటే ఒక బతుకు, పోతే ఇంకో బతుకు ఆమెకి. మీరు ‘అమ్మేస్తేనో’ అనగానే పాప ఫీజు గుర్తొస్తుంది, రావాలి కూడా. మీ జవాబు మీద ఏ ఆశా లేని మనిషి ముందు ఆలోచించుకోవడానికే ఆ వెయ్యి. ఒకసారి ఆమెని కూడా సెషన్‌కి తీసుకుపోవచ్చా అని అడగండి. తాయెత్తు ఉండనీయండి, దానికీ దీనికీ తగాదా లేదు. మీకోసం ఆమె ఉరుకుంద దాకా వచ్చింది కదా.

అమ్మాలా వద్దా నేను చెప్పను. ఒకటి మాత్రం గమనించాను. ఆరు పేజీల్లో మీ అమ్మగారి ప్రస్తావన లేదు. నాయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటాలో అమ్మకి కూడా మీతో సమానంగా భాగం ఉంటుంది. అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళకీ అంతే. మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చేసే విషయం కాదిది. లాయర్‌కి చూపించేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ‘ఆరోగ్యం బాలేదు, మూడు నెలలు ఆగుదాం’ అని తమ్ముడికి చెప్పండి. అది అబద్ధం కాదు. ఏ జబ్బో చెప్పాల్సిన పని కూడా లేదు. అతను ఒప్పుకోవచ్చు, ఎగరొచ్చు. ఎగిరినా అమ్మకం మూడు రోజుల్లో అయ్యేది కాదు.

గోదాము గోడ మీద వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మీ నాయన ఎర్ర రంగుతో గీత గీసి తేదీ వేశారని, సున్నం కొట్టించేటప్పుడు కూడా దాన్ని వదిలేయిస్తున్నారని రాశారు. ఆ వాక్యం తర్వాత ఒక పదం కొట్టేసి ఉంది. ఫొటోని పెద్దది చేసి చూస్తే ‘అమ్మితే’ అని కనిపించింది. దాని పైన ‘మారిస్తే’ అని దిద్దారు. ఏ దారి పట్టినా, మొదటి రోజు వేరే ఏమీ చెప్పలేకపోతే ఈ ఆరు పేజీలూ పట్టుకుపోయి ఎదురుగా పెట్టండి. కొట్టేసిన మాటని అలాగే ఉంచండి, మళ్ళీ శుభ్రంగా రాయకండి.